పాత బండి ఇగ్నిషన్ లాక్ పట్టేస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు తాళం తిరగనని మొరాయిస్తే చాలామంది చేయి ముందుగా నూనె డబ్బా మీదికి వెళుతుంది. ఆ చేతిని కాసేపు ఆపడమే ఈ పేజీ పని. ఇబ్బంది తాళంచెవిలో ఉందా, అది దూరే బ్యారెల్‌లో ఉందా, స్టీరింగ్ లాక్‌లో ఉందా, వెనకనున్న కరెంటు స్విచ్‌లో ఉందా అన్నది తేలకముందు లోపల ఏది పోసినా గుడ్డి వైద్యమే. తేల్చుకోవడానికి పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. మంచి వెలుతురు, ఒక భూతద్దం, దొరికితే రెండో తాళంచెవి చాలు. కింది సమాధానాలు మామూలు లోహపు తాళంచెవితో నడిచే బండ్లకు సంబంధించినవి. 1986 షెవ్రొలే కార్వెట్‌తో మొదలుపెట్టి తాళంచెవిలోనే చిన్న రెసిస్టర్ అమర్చే పద్ధతి వచ్చింది. అలాంటి వాటి చిక్కులు వేరు, అవి ఇక్కడ లేవు.

ఇగ్నిషన్ లాక్ లోపల అసలు ఏముంటుంది?

మనం ఒకే వస్తువు అనుకునేది నిజానికి రెండో మూడో వస్తువుల కూడిక. ముందు వైపు ఉండేది బ్యారెల్. అందులో కదలకుండా ఉండే గొట్టం ఒకటి, తాళంచెవితోపాటు తిరిగే ప్లగ్ ఒకటి. ప్లగ్‌లో అడ్డంగా పల్చటి ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి. ప్రతి రేకుకూ మధ్యలో ఒక కిటికీ, పక్కన వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ ఉంటాయి. తాళంచెవి ఆ కిటికీల గుండా వెళ్ళి ఒక్కో రేకును ఒక్కో ఎత్తుకు లేపుతుంది. అన్ని రేకులూ ప్లగ్ అంచుతో సమంగా నిలిస్తేనే ప్లగ్ తిరుగుతుంది. ఒక్క రేకు కొద్దిగా బయటికి పొడుచుకొచ్చినా గొట్టంలోని గాడిలో ఇరుక్కుని అడ్డుపడుతుంది. ఇలాంటి రేకుల తాళానికి 1868లోనే ఫైలో ఫెల్టర్ అమెరికాలో పేటెంట్ పొందాడు. అప్పటి నుంచి మూలసూత్రం పెద్దగా మారలేదు.

బ్యారెల్ వెనక కరెంటు స్విచ్ ఉంటుంది. కొన్ని బండ్లలో అది బ్యారెల్‌కు అతుక్కునే ఉంటుంది, మరికొన్నింటిలో దూరంగా స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రాన్ని మోసే గొట్టం లాంటి భాగం) మీద ఉండి ఒక కడ్డీతో కలుస్తుంది. లాక్ స్టీరింగ్ కాలమ్ మీద ఉన్న బండ్లలో మూడో వస్తువు కూడా ఉంటుంది. అది స్టీరింగ్ షాఫ్ట్ గాడిలోకి దూరే ఉక్కు గడియ. ఈ మూడింటిలో ఏది పట్టేసినా చేతికి తెలిసేది ఒక్కటే: తాళంచెవి తిరగడం లేదని.

తాళంచెవి పూర్తిగా దూరుతోంది, కానీ తిరగడం లేదు. మొదట ఏం చూడాలి?

స్టీరింగ్ చూడండి. ముందు చక్రాలు గట్టుకు ఒత్తుకుని గానీ, బాగా పక్కకు తిరిగి గానీ ఆగి ఉంటే టైర్లు, కాలమ్ కలిసి ఆ ఉక్కు గడియ మీద బరువు వేస్తాయి. గడియ గాడిలో బిగుసుకుంటుంది. అప్పుడు తాళంచెవిని ఎంత బలంగా తిప్పినా ఆ బలమంతా తాళంచెవి మెడ మీదే పడుతుంది. ఎడమ చేత్తో స్టీరింగ్‌ను రెండు వైపులా కొద్దికొద్దిగా కదిలిస్తూ, కుడి చేత్తో తాళంచెవిని సుతారంగా తిప్పండి. ఒక వైపు స్టీరింగ్ గట్టిగా ఆగుతుంది, మరో వైపు కాస్త వదులిస్తుంది. ఆ వదులు దొరికిన క్షణంలో తాళం తిరిగితే మీ లాక్‌కు ఏ జబ్బూ లేదు.

ఈ పరీక్ష అన్ని బండ్లకూ అవసరం లేదు. అమెరికాలో 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 114వ భద్రతా ప్రమాణం వల్ల కొత్త కార్లలో స్టీరింగ్‌నో గేర్‌నో బంధించే తాళం తప్పనిసరి అయింది. జనరల్ మోటార్స్ అంతకు ముందే, 1969 మోడళ్ళతో, లాక్‌ను డాష్‌బోర్డు నుంచి స్టీరింగ్ కాలమ్ మీదికి మార్చింది. దానికి ముందటి అమెరికన్ కారు మీదైతే, లాక్ డాష్‌బోర్డు మీదే ఉంటే, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకుండా నేరుగా తాళంచెవి సంగతి చూడండి.

గేర్‌కూ తాళానికీ సంబంధం ఉంటుందా?

కొన్నింటికి ఉంటుంది. ఆటోమేటిక్ బండిలో లివర్ పార్క్ స్థానంలో పూర్తిగా కూర్చోకపోతే తాళంచెవి చివరి స్థానానికి తిరగదు, బయటికి రాదు. కాలమ్ మీద లాక్ ఉన్న ఆ కాలపు జనరల్ మోటార్స్ మాన్యువల్ కార్లలో రివర్స్ గేర్ వేస్తేనే తాళంచెవి బయటికి వస్తుంది. సాబ్ 99లో లాక్ ఏకంగా ముందు సీట్ల మధ్య ఉంటుంది, అది బంధించేది గేర్‌నే. దాన్ని రూపొందించినవారి ఉద్దేశం మంచిదే, కానీ పైకి తెరుచుకుని ఉన్న ఆ రంధ్రంలోకి రొట్టె ముక్కల పొడి, ఒలికిన కాఫీ, బూట్ల దుమ్ము అన్నీ చేరతాయి. సాబ్ యజమాని ఎవరైనా తాళం పట్టేస్తోందంటే నేను ముందు అడిగేది కారులో కాఫీ తాగుతారా అని.

గేర్ లింకేజీ (లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే కడ్డీలు) కీళ్ళలోని బుషింగులు అరిగిపోతే లివర్ పార్క్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది కానీ లోపలి కడ్డీ ఒక పిసరు వెనకబడుతుంది. లివర్‌ను పార్క్ వైపు గట్టిగా నెట్టి పట్టుకుని తిప్పి చూడండి. తిరిగితే బాగుచేయాల్సింది లింకేజీనే.

తప్పు తాళంచెవిదా, బ్యారెల్‌దా అని ఎలా తేల్చాలి?

ఈ ప్రశ్నకు జవాబు తేలితే సగం పని అయిపోయినట్టే. అదే తాళంచెవి తలుపుకూ పనిచేసే బండి అయితే ముందు తలుపులో పెట్టి చూడండి. తలుపులోనూ మొరాయిస్తే తాళంచెవి అరిగింది. తలుపులో సాఫీగా తిరిగి, ఇగ్నిషన్‌లో మాత్రమే పట్టేస్తే బ్యారెల్ మీద అనుమానం పెంచుకోవచ్చు. అయితే డ్రైవర్ వైపు తలుపు తాళం కూడా బాగా వాడినదే కాబట్టి అరిగిన తాళంచెవికి అలవాటు పడి ఉంటుంది. వీలైతే తక్కువగా వాడే తాళంలో, అంటే డిక్కీలోనో ఎదుటి వైపు తలుపులోనో, పరీక్షించండి. చాలా పాత కార్లకు తలుపుకు ఒకటి, ఇగ్నిషన్‌కు ఒకటి వేర్వేరు తాళంచెవులు ఉంటాయి. అప్పుడు ఈ దారి మూసుకుపోయినట్టే.

రెండో పరీక్ష ఇంకా సులువు. తాళంచెవిని పూర్తిగా లోపలికి పెట్టి, అర మిల్లీమీటరు వెనక్కి లాగి తిప్పండి. అలా తిరిగితే తాళంచెవి ఉండాల్సిన దానికంటే లోతుగా వెళుతోందన్నమాట. తాళంచెవి భుజం గానీ, కొన్ని రకాల్లో కొన గానీ, లోపల తగిలి ఆగే హద్దు. అది అరిగితే గాట్లన్నీ రేకుల కింద నుంచి కొద్దిగా ముందుకు జరుగుతాయి.

మూడోది, భూతద్దంతో తాళంచెవిని పక్క నుంచి చూడండి. కొత్త తాళంచెవిలో గాట్ల మధ్య శిఖరాలు స్పష్టంగా కోసినట్టు ఉంటాయి. అరిగినదానిలో అవి గుండ్రబడి, గాట్ల అడుగు మెరుస్తుంది. చదునైన బల్ల మీద పెట్టి వంగిందేమో కూడా చూడండి. కంటికి తెలియనంత వంపు కూడా ప్లగ్ గోడలకు రాసుకుంటుంది.

రెండు వైపులా గాట్లున్న తాళంచెవి అయితే తిప్పి పెట్టి చూడండి. రెండు వైపులూ ఒకేలా అరగవు.

నిన్ననే కొత్త తాళంచెవి చేయించాను. అయినా పాతదానిలాగే పట్టేస్తోంది, ఎందుకు?

ఎందుకంటే అది పాతదానికి నకలు. కాపీ చేసే యంత్రం అరుగుదలను సరిదిద్దదు, ఉన్నది ఉన్నట్టు కొత్త ఇత్తడి మీదికి దించుతుంది, దానికి తన సొంత తేడా కాస్త కలుపుతుంది. నకలుకు నకలు తీసుకుంటూ పోతే పాతికేళ్ళ తర్వాత చేతిలో ఉండేది మొదటి తాళంచెవికి దూరపు చుట్టం మాత్రమే.

కావలసింది నంబరు ప్రకారం కోసిన తాళంచెవి. తాళం తయారైనప్పుడు ప్రతి గాటుకూ ఒక లోతు నిర్ణయిస్తారు. ఆ లోతుల వరుసను సూచించే కోడ్ ఒకటి ఉంటుంది. కోడ్ చేతిలో ఉంటే తాళంచెవులు కోసేవారు అరిగినదాన్ని చూడకుండానే ఫ్యాక్టరీ లోతులతో కొత్తది కోయగలరు. దాన్ని పెట్టినప్పుడు తాళం సాఫీగా తిరిగితే ఇన్నాళ్ళూ మీరు అనుమానించిన బ్యారెల్ నిర్దోషి.

ఇంకొక సంగతి. ఖాళీ తాళంచెవి ఎంపికలో కూడా పొరపాట్లు జరుగుతాయి. పక్కల ఉండే గాడులు దాదాపు ఒకేలా కనిపించే రకాలు చాలా ఉన్నాయి. కొంచెం మందంగా ఉన్నది కూడా బలవంతంగా దూరుతుంది, దూరి ప్లగ్‌ను రెండు వైపులా నొక్కుతుంది. కొత్త తాళంచెవి పెట్టేటప్పుడే బిగుతుగా అనిపిస్తే ఈ కోణం పరిశీలించండి.

ఆ కోడ్ ఎక్కడ దొరుకుతుంది?

బ్రిటిష్ కార్లలో చాలావాటికి తాళం ముఖం మీదే, తాళంచెవి తల మీదా ఉంటుంది. ఎఫ్ఎస్ అక్షరాలతో మొదలయ్యే అంకెలు అక్కడ తరచుగా కనిపిస్తాయి. ముఖం మీద మురికి, రంగు పేరుకుని ఉంటే పాత టూత్‌బ్రష్‌తో తుడిచి వెలుతురు పక్క నుంచి వేసి చదవండి. పాత అమెరికన్ కార్లకు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అనే కంపెనీ చేసిన తాళంచెవుల తలలో ఒక చిన్న బిళ్ళ మీద నంబరు ఉండేది. దొంగలకు దొరక్కుండా యజమాని ఆ బిళ్ళను ఊడదీసి దాచుకోవాలని ఉద్దేశం. దాచిన యజమాని ఎక్కడ దాచాడో ఇప్పుడు ఎవరికి తెలుసు? అయినా బండితో వచ్చిన పాత కాగితాల కట్టను ఒకసారి విప్పి చూడటంలో నష్టం లేదు. కొన్ని బ్యారెళ్ళకు పక్క గోడ మీద, బయటికి తీస్తే తప్ప కనిపించని చోట, నంబరు చెక్కి ఉంటుంది.

కోడ్ ఎక్కడా దొరకకపోతే ప్లగ్ విప్పి, రేకుల మీద ముద్రించిన అంకెలు చదివి తాళంచెవిని కోయించవచ్చు. ఆ అంకెలే లోతులు.

ఏ నూనె వేయాలి? ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు.

ముందు శుభ్రం, తర్వాత జారుడు. ఈ రెండింటినీ ఒకే పనిగా చేయబోతేనే గొడవంతా వస్తుంది.

దశాబ్దాలుగా వేసిన గ్రీజు, ఇంజన్ ఆయిల్, దుమ్ము, తాళంచెవి నుంచి రాలిన ఇత్తడి పొడి కలిసి లోపల నల్లటి జిగురు ముద్దగా మారి ఉంటుంది. రేకుల స్ప్రింగులు ఎంత బలహీనమైనవంటే ఆ జిగురు వాటిని ఆపడానికి చాలు. రేకు కిందికి దిగాల్సినప్పుడు దిగదు, అంతే. దాని మీద కొత్త నూనె వేస్తే జిగురు మెత్తబడి నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మరింత దుమ్మును పట్టుకుంటుంది.

శుభ్రం చేయడానికి కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు కాంటాక్టులు తుడిచే స్ప్రే) మంచిది. తడి మిగల్చదు. లోపలికి కొట్టి, తాళంచెవిని పలుమార్లు దూర్చి తీసి, ప్రతిసారీ గుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా ఇది సాగాలి. డబ్ల్యూడీ-40 మీద జనానికి విపరీతమైన ప్రేమా ఉంది, విపరీతమైన కోపమూ ఉంది. జిగురు కరిగించడానికి అది పనికొస్తుంది. కానీ అది వదిలే పల్చటి నూనె పొర ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు, దుమ్ము పట్టకుండా ఉండదు. వాడితే వాడండి, దాంతోనే ఆగిపోకండి.

ఆరాక పొడి కందెన వేయాలి. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఉన్న పొడి స్ప్రే ఇగ్నిషన్ లాక్‌కు నా ఓటు. గ్రాఫైట్ పొడి తాళాలకు పాత నేస్తమే, తలుపు తాళాల్లో నిశ్చింతగా వాడవచ్చు. ఇగ్నిషన్‌లో మాత్రం రెండు జాగ్రత్తలు. గ్రాఫైట్ నూనెతో కలిస్తే నల్లటి రుబ్బుడు ముద్ద అవుతుంది కాబట్టి నూనె ఉన్న తాళంలో వేయకూడదు. పైగా గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది. స్విచ్ బ్యారెల్ వెనకే అతుక్కుని ఉన్న బండిలో పొడిని గుప్పిస్తే అది కాంటాక్టుల మీదికి రాలే ప్రమాదం ఉంది. ఒక్క చిటికెడు వేసి ఆపగలిగే వారికి గ్రాఫైట్, చేయి ఆగనివారికి పీటీఎఫ్ఈ.

గ్రీజు ఎప్పుడూ వద్దు. వంటనూనె సంగతి అడిగినవారు కూడా ఉన్నారు. అది ఆరి వార్నిష్‌లా గట్టిపడుతుంది.

స్ప్రే కొట్టే ముందు బ్యాటరీ తీయాలా?

తీయాలి. పాత బండ్లలో చాలావాటికి బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కు వచ్చే తీగకు ఫ్యూజు ఉండదు, తాళం ఆపినా అందులో కరెంటు ఉంటుంది. స్ప్రేలలో చాలావరకు మండేవే. స్విచ్‌లో ఒక్క నిప్పురవ్వ పుడితే చాలు. నెగటివ్ తీగ విప్పి పక్కన పెట్టండి, పాజిటివ్ ఎర్త్ (బండి లోహపు శరీరానికి పాజిటివ్ తీగ కలిపిన ఏర్పాటు) ఉన్న పాత బ్రిటిష్ బండి అయితే పాజిటివ్ తీగ. క్లీనర్ పూర్తిగా ఆరాకే తిరిగి కలపండి.

తాళంచెవి సగం దూరి ఆగిపోతోంది.

లోపల ఏదో ఉంది, లేదా రేకు ఒకటి అడ్డంగా బిగుసుకుంది. టార్చి వేసి చూడండి. విరిగిన తాళంచెవి ముక్క, కాగితం, బిగుసుకున్న మురికి ఏదైనా కావచ్చు. తాళంచెవి రంధ్రానికి దుమ్ము పడకుండా ఉండే చిన్న మూత విరిగి లోపలికి జారడం కూడా మామూలే. క్లీనర్ కొట్టి, బండి అనుమతిస్తే రంధ్రం కిందికి వచ్చేలా చూసి, గాలి ఊదండి. తాళంచెవిని సుత్తితో కొట్టి దూర్చే ఆలోచన మాత్రం మానుకోండి.

పటకారుతో తిప్పవచ్చా? తడితే పనిచేస్తుందని విన్నాను.

పటకారు వద్దు. తాళంచెవి ఇత్తడితోనో నికెల్ సిల్వర్‌తోనో చేసినది, బాగా లోతుగా కోసిన గాటు దగ్గర తెగుతుంది. రెండు వేళ్ళ బలంతో తిరగని తాళం తిరగకూడని తాళమే.

తట్టడం వేరు. తాళంచెవిని లోపల ఉంచి, తిప్పే దిశలో చాలా తేలికగా ఒత్తిడి పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో బ్యారెల్ ముఖాన్ని మెల్లగా టకటక తడితే ఇరుక్కున్న రేకు కదిలి దిగవచ్చు. దారిలో చిక్కుకున్నప్పుడు ఇంటికి చేర్చే ఉపాయం ఇది. తట్టి తెరిచిన లాక్‌ను ఆ వారమే విప్పి చూడాలి.

స్టార్ట్ చేశాక తాళంచెవి తనంతట తాను వెనక్కి రావడం లేదు. ప్రమాదమా?

ఈ పేజీలోని అన్ని ఇబ్బందుల్లో తక్షణం పట్టించుకోవాల్సింది ఇదే. తాళంచెవి స్టార్ట్ స్థానంలో ఉండిపోతే ఇంజన్ నడుస్తున్నా స్టార్టర్ మోటారుకు కరెంటు వెళుతూనే ఉంటుంది. ఇంజన్ వేగం స్టార్టర్ మీద పడకుండా అడ్డుకునే క్లచ్ వేడెక్కి పాడవుతుంది, తర్వాత మోటారు చుట్టలు కాలుతాయి, లావు తీగలూ వేడెక్కుతాయి. గరగరమనే శబ్దం ఇంజన్ అంటుకున్నాక కూడా వినిపిస్తే వెంటనే తాళంచెవిని చేత్తో వెనక్కి తిప్పండి. తిప్పినా మోటారు ఆగకపోతే తప్పు తాళానిది కాదు, స్టార్టర్‌కు కరెంటు కలిపే సోలినాయిడ్ కాంటాక్టులు అతుక్కున్నాయి. బ్యాటరీ తీగ తీసేయడమే దారి.

కారణం వెతికేటప్పుడు బ్యారెల్‌నూ స్విచ్‌నూ విడదీయగలిగితే చిక్కు ఇట్టే వీడుతుంది. బ్యాటరీ తీసి, స్విచ్‌ను బ్యారెల్ నుంచి వేరుచేసి, చదునైన స్క్రూడ్రైవర్‌తో స్విచ్‌ను మాత్రమే తిప్పి వదలండి. టక్కున వెనక్కి వస్తే స్విచ్ స్ప్రింగ్ బాగుంది, పట్టేస్తున్నది బ్యారెల్. బద్ధకంగా వస్తే స్విచ్‌లోని గ్రీజు ఎండిపోయింది, లేదా స్ప్రింగ్ అలసింది. మధ్యలో కడ్డీ ఉన్న బండ్లలో ఆ కడ్డీ వంగిందేమో, స్విచ్‌ను కాలమ్ మీద బిగించిన స్క్రూలు వదులై అది జరిగిపోయిందేమో చూడాలి. స్విచ్ కొద్దిగా కిందికి జరిగితే చాలు, తాళంచెవి ప్రయాణం చివర్లో బిగుసుకుంటుంది. బ్యారెల్‌ను మార్చేసి, ఆ తర్వాత అసలు కారణం స్క్రూ వదులు కావడమని తెలుసుకున్నవారు తక్కువేమీ కాదు.

తాళంచెవి ఏ స్థానంలో ఉన్నా బయటికి వచ్చేస్తోంది. ఇది మంచిదేగా?

కాదు. రేకులూ తాళంచెవీ రెండూ బాగా అరిగాయని అర్థం. అలాంటి తాళం వేరే తాళంచెవితోనో చిన్న స్క్రూడ్రైవర్‌తోనో కూడా తిరగవచ్చు. బండి కదులుతుండగా తాళంచెవి జారి పడిపోవడం కూడా జరుగుతుంది. ముందు కోడ్ ప్రకారం తాళంచెవి కోయించి చూడండి, అప్పటికీ ఊడివస్తే రేకులు మార్చాలి.

బరువైన తాళాల గుత్తి వల్ల నష్టం ఉందా?

ఉంది, రెండు రకాలుగా. గుత్తి ఊగే ప్రతిసారీ తాళంచెవి ప్లగ్‌లో పైకీ కిందికీ ఆడుతూ రేకులను, తనను తాను అరగదీసుకుంటుంది. రెండోది, అరిగిన స్విచ్‌లో స్థానాన్ని పట్టి ఉంచే బలం తగ్గుతుంది కాబట్టి గుంతలో పడ్డప్పుడు ఆ బరువే తాళాన్ని తిప్పేయగలదు. ఇది ఊహ కాదు. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల చిన్న కార్లను ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల వెనక్కి పిలిచింది. తాళంచెవి నడకలో పక్కకు తిరిగి ఇంజన్ ఆగిపోవడం, ఎయిర్‌బ్యాగులు పనిచేయకపోవడం అక్కడి సమస్య. పరిహార నిధి 124 మరణాలను దానికి సంబంధించినవిగా అంగీకరించింది. అవి పాతకాలపు కార్లు కావు, కానీ స్విచ్ మీద బరువు చేసే పని ఏ కాలంలోనైనా ఒకటే. పాత బండికి ఒంటరి తాళంచెవి, ఒక తోలు ముక్క చాలు.

బ్యారెల్‌ను బయటికి ఎలా తీయాలి?

ఒక్కో బండిది ఒక్కో దారి, కాబట్టి మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ లేకుండా మొదలుపెట్టకండి. సాధారణంగా ఎదురయ్యే ఏర్పాట్లు ఇవి. 1969కి ముందటి జనరల్ మోటార్స్ డాష్‌బోర్డు లాకులకు ముఖం మీద సన్నటి రంధ్రం ఉంటుంది. తాళంచెవిని ఎడమకు, యాక్సెసరీ స్థానానికి తిప్పి, రంధ్రంలో పేపర్ క్లిప్ తీగ గుచ్చి, ఇంకాస్త ఎడమకు తిప్పి లాగితే ప్లగ్ చేతిలోకి వస్తుంది. బ్రిటిష్ కార్లలోని లూకాస్ కంపెనీ డాష్‌బోర్డు స్విచ్చుల్లో చాలావాటికి ఆ రంధ్రం పక్క గోడకు ఉంటుంది కాబట్టి ముందు స్విచ్ మొత్తాన్ని బయటికి తీయాలి.

గమనించారా, ఈ పద్ధతులన్నింటికీ తాళంచెవి తిరగాలి. అందుకే తాళం అప్పుడప్పుడు తిరుగుతున్న దశలోనే, అంటే ఇప్పుడే, విప్పడం తెలివైన పని. పూర్తిగా బిగుసుకున్నాక మిగిలేది డ్రిల్లు.

యూరప్ కార్లలో కాలమ్ మీది లాక్‌ను బిగించే బోల్టులు వేరు. బిగించాక వాటి తల తెగిపోయేలా చేసి ఉంటాయి, దొంగ విప్పలేడని. యజమాని కూడా విప్పలేడు. మధ్యలో పంచ్ చేసి, ఉలితో అంచును నెమ్మదిగా కొట్టి తిప్పడం గానీ, రంధ్రం చేసి ఎక్స్‌ట్రాక్టర్ (తల లేని బోల్టును లోపలి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) వాడడం గానీ దారి. కొన్ని కాలమ్‌లు ప్రమాదంలో ముడుచుకునేలా తయారైనవి, వాటిని సుత్తితో మోదకూడదు.

విప్పాక రేకులను ఎలా శుభ్రం చేయాలి?

పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పండి. స్ప్రింగు ఎగిరితే సంచిలోనే పడుతుంది, లేకపోతే అది ఇక దొరకదు. తాళంచెవి ప్లగ్‌లో ఉండగా ఒక ఫొటో తీయండి. అప్పుడు ఏ రేకు పొడుచుకొస్తోందో కనిపిస్తుంది, ఎందుకంటే అన్నీ సమంగా ఉండాల్సిన స్థితి అదే. రేకులను తీసిన వరుసలోనే ఒక టేపు మీద అంటించండి. ఒక్కటి తారుమారైనా తాళం తిరగదు.

రేకులను, ప్లగ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి ఆరబెట్టండి. రేకు అంచున లేచిన గరుకును అతి సన్నటి ఎమెరీ కాగితంతో ఒకసారి తాకించండి, అంతకు మించి వద్దు. తాళంచెవికి సరిపోయేలా రేకులనే అరగదీసే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే తాళం తిరుగుతుంది నిజమే, దానితోపాటు ఇంకా చాలా తాళంచెవులు అందులో తిరగడం మొదలవుతుంది.

1935 నుంచి జనరల్ మోటార్స్ వాడిన సైడ్‌బార్ రకంలో రేకులకు పక్కన చిన్న గాట్లు ఉంటాయి, ఒక కడ్డీ వాటిలోకి దిగితేనే ప్లగ్ తిరుగుతుంది. ఆ గాట్లలోని మురికి సూదితో తీయాలి. క్లీనర్ ఒక్కదానితో రాదు.

అన్నీ శుభ్రం చేశాను, కొత్త తాళంచెవి కూడా పెట్టాను. ఇంకా బిగుతుగానే ఉంది.

రేకులన్నీ తీసేసి, ఖాళీ ప్లగ్‌ను గొట్టంలో పెట్టి వేళ్ళతో తిప్పండి. అప్పుడూ రాసుకుంటే తప్పు రేకులది కాదు, పోతపోసిన గొట్టానిది. పాత లాకుల గొట్టాలు ఎక్కువగా జింక్ మిశ్రమంతో చేసినవి. తొలినాళ్ళ జింక్ పోతల్లో సీసం వంటి కల్తీ ఉంటే లోహం లోలోపలే తినివేయబడి, ఉబ్బి, పగుళ్ళు తీస్తుంది. న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో అభివృద్ధి చేసిన జమాక్ మిశ్రమాలతో, శుద్ధమైన జింక్‌తో, ఈ జబ్బు చాలావరకు అదుపులోకి వచ్చింది. అందుకే రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి బండ్లలో దీన్ని ఎక్కువగా అనుమానించాలి. గొట్టం మీద సాలెగూడు లాంటి పగుళ్ళు, పొక్కులు కనిపిస్తే కందెన వృథా, గొట్టమే మార్చాలి.

తాళం తిరుగుతోంది కానీ కరెంటు వస్తూ పోతూ ఉంది. అదీ లాక్ సమస్యేనా?

అది స్విచ్ సమస్య. కాంటాక్టులు కాలి గుంతలు పడితే ఒక్కోసారి తిప్పుడు కూడా గరుగ్గా అనిపిస్తుంది, అందుకే గందరగోళం. కాసేపు నడిపాక లాక్ వెనక భాగం వేడిగా తగిలితే సందేహం అక్కర్లేదు. 12 వోల్టుల బండిలో ఇగ్నిషన్ వేసి, దీపాలు కూడా వెలిగించి, స్విచ్‌లోకి వచ్చే తీగకూ బయటికి వెళ్ళే తీగకూ మధ్య మీటరు పెట్టండి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిది, 0.5 దాటితే స్విచ్ మార్చండి. ఫ్యాను, అదనపు దీపాలు, పాటల పెట్టె అన్నీ ఆ స్విచ్ గుండానే నడుస్తుంటే కొత్తది కూడా అలాగే కాలుతుంది; వాటికి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టించాలి.

చలికి మాత్రమే బిగుసుకుంటోంది.

లోపల పాత గ్రీజు ఉంది, లేదా తేమ గడ్డకడుతోంది. హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేయండి, లైటర్ మంట వద్దు. తేమ అయితే ఆల్కహాల్ ఉన్న డీ-ఐసర్ (మంచు కరిగించే ద్రవం) పనిచేస్తుంది. ఎండ రాగానే విప్పి, శుభ్రం చేసి, పొడి కందెన వేస్తే మరుసటి చలికి ఈ ప్రశ్న రాదు.

తాళంచెవి లోపలే విరిగింది.

ప్లగ్ తాళంచెవి దూరే స్థానంలో ఉంటేనే ముక్క బయటికి వస్తుంది. విరిగినప్పుడు కాస్త తిరిగి ఉంటే, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ప్లగ్‌ను మొదటి స్థానానికి తేవాలి. తర్వాత చుక్క క్లీనర్ వేసి, విరిగిన తాళంచెవులు తీసే కొక్కెంతోనో, సన్నటి రంపపు బ్లేడు ముక్కతోనో గాటును పట్టి లాగండి. జిగురు పూసి మిగతా సగాన్ని అతికించి లాగే ఉపాయం వింటే బాగుంటుంది, చేస్తే రేకులు అతుక్కుంటాయి. ముక్కలను పారేయకండి, రెండింటినీ కలిపి చూసి కొత్తది కోయవచ్చు.

లాక్ తీసేసి మీట నొక్కి స్టార్ట్ చేసే ఏర్పాటు పెట్టుకుంటే సరిపోదా?

చారిత్రకంగా చూస్తే అది అపచారమేమీ కాదు. 1912 కాడిలాక్‌తో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టర్ వచ్చాక చాలా ఏళ్ళు స్టార్టర్‌ను కాలితోనో వేరే మీటతోనో నొక్కేవారు. తాళంచెవి తిప్పితేనే స్టార్ట్ అయ్యే పద్ధతిని క్రిస్లర్ 1949లో తెచ్చింది. కాబట్టి స్టార్ట్ పనిని మాత్రం మీటకు అప్పగించి స్విచ్ భారాన్ని తగ్గించడం సబబే. కానీ స్టీరింగ్ లాక్ ఉన్న బండిలో బ్యారెల్‌ను తీసిపారేస్తే గడియ అలాగే మిగులుతుంది. అది పూర్తిగా వెనక్కి వెళ్ళిందనే భరోసా లేకుండా బండిని కదిలించకూడదు.

కొత్త లాక్ కొన్నాను. ఇప్పుడు జేబులో రెండు తాళంచెవులు మోయాలా?

అవసరం లేదు. కొత్త బ్యారెల్ రేకులు, పాతవి ఒకే రకమైతే రేకులను మార్చి కొత్త బ్యారెల్‌ను పాత తాళంచెవికి సరిపెట్టవచ్చు. తాళాల పనివారికి ఇది చిన్న పని. బండి మీదేనని చూపే కాగితాలు వెంట తీసుకెళ్ళండి, అడగని పనివాడిని నమ్మకండి. పాత బ్యారెల్‌ను పారేయకండి, కోడ్ అందులోనే ఉంది.

పాత మోటారు సైకిలుకూ ఇవే వర్తిస్తాయా?

చాలావరకు. తేడా ఏమిటంటే అక్కడ లాక్ ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది కాబట్టి వాన నీరు నేరుగా దిగుతుంది, తుప్పు ముందు స్ప్రింగులను తింటుంది. మూత తప్పనిసరి. నీటి గొట్టంతో కడిగేటప్పుడు లాక్ మీద ధార పడనివ్వకండి. స్టీరింగ్ లాక్ వేరేగా, ఫోర్క్ దగ్గర ఉన్న బండ్లలో ఆ రెండో తాళాన్ని అందరూ మరిచిపోతారు, వాడక అది ముందే బిగుసుకుంటుంది.

బాగుచేయించేదాకా ఇలాగే నడపవచ్చా?

డాష్‌బోర్డు మీది లాక్ అయితే, కేవలం తిప్పడానికి సతాయిస్తుంటే, జాగ్రత్తగా నడపవచ్చు. స్టార్ట్ నుంచి వెనక్కి రాకపోతే నడపవద్దు. కాలమ్ మీది లాక్ అయితే ముందు ఒక పరీక్ష చేయండి: బండి ఆగి ఉండగా తాళంచెవిని ఆన్ స్థానంలో పెట్టి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా టిక్కుమన్నా, గీరుకున్నట్టు అనిపించినా గడియ పూర్తిగా వెనక్కి పోలేదు. అలాంటి బండిని లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాలి. తాడు కట్టి లాగించడం కూడా కుదరదు, ఎందుకంటే మలుపులో గడియ పడితే స్టీరింగ్ తిరగదు. నడిచే బండిలో తాళంచెవిని లాక్ స్థానానికి తిప్పడం, బయటికి తీయడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఇంజన్‌ను అత్యవసరంగా ఆపాల్సివస్తే ఆఫ్ దగ్గర ఆగండి, బండి పూర్తిగా నిలిచాకే ఆ తర్వాతి స్థానం.